తమ్ముడి సైకిల్‌కు కొలతలు

మా వీధి చివర ఇంట్లోనే దర్జీ దుకాణం నడిపే ఆవిడను మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు లేరు. అందుకే అందరికీ ఆమె టేపక్క. కొత్త బట్టలు కుట్టడం కంటే పాతవి సరిచేయడమే ఆమెకు ఇష్టం. తండ్రి కోటు కొడుక్కి, అక్క గౌను చెల్లెలికి. పోయినవాళ్ళ బట్టలు కూడా వస్తుంటాయి. వాటి విషయంలో ఆమెకో నియమం ఉంది. కత్తెర పెట్టేముందు కుట్లన్నీ విప్పుతుంది. తడిగుడ్డ పరిచి, మోచేతుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా ఉన్న ఉబ్బు పోయేదాకా ఇస్త్రీపెట్టెతో అదుముతుంది.

"ముందు మనిషిని దింపాలి. కొలతలు ఆ తర్వాతే" అంటుంది.

నేను ఒకప్పుడు ఉన్న రేవుపట్నంలో పాత బూట్లు అమ్మే సందు ఉండేది. వరసగా పేర్చిన ఆ బూట్లలో ఒక్కటీ ఖాళీగా అనిపించేది కాదు. ఒక జత బయటి అంచున అరిగి, ఇంకో జత బొటనవేలి దగ్గర ఉబ్బి, ఎవరెవరో నిలబడి బస్సు కోసం చూస్తున్నట్టే ఉండేవి. వర్షం పడితే కొట్టువాడు వాటి మీద పట్టా కప్పేవాడు. అప్పుడు ఇంకా భయం వేసేది. సరే, ఆ సందులోకి వెళ్తే నేను ఒక పట్టాన బయటికి రాను. టేపక్క సంగతి చెబుతాను.

ఆమె తమ్ముడు నిరుడు పోయాడు. కిడ్నీల జబ్బు. చివరి నెలలన్నీ ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే వార్డుకి తిరగడంతోనే గడిచాయి. ఆ వార్డుకు ఇంకో యంత్రం కోసం విరాళాలు పోగుచేయాలని కొందరు రెండు రోజుల సైకిల్ యాత్ర తలపెట్టారు. కొండ ఎక్కి, అవతల సముద్రం దాకా. చిన్నతనం తర్వాత సైకిల్ ముట్టని టేపక్క తనూ వస్తానంది. వస్తే తమ్ముడి సైకిల్ మీదే వస్తానంది.

తమ్ముడు పొడగరి. చిన్నప్పుడు కుడికాలు విరిగి బలం తగ్గడంతో ఎడమకాలితోనే తొక్కేవాడు. కుడికాలు పెడల్‌తో పాటు ఊరికే తిరిగేది. ఏళ్ళ తరబడి అలా తొక్కీ తొక్కీ ఎడమ పెడల్ అరిగి, కాలు కిందికి దిగినప్పుడల్లా టక్ మనేది. వీధి మలుపులో ఆ చప్పుడు వినబడగానే ఇంట్లో అన్నం వడ్డించేవాళ్ళు.

సైకిల్ షాపు అతను బండిని ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు.

"బారు మీదుగా కాలు అటేసి నిలబడండక్కా. సీటు మీద కాదు, నేల మీద."

ఆమె మునివేళ్ళ మీద నిలబడింది.

"చూశారా, పాదం ఆనట్లేదు. సడన్‌గా ఆగితే పడిపోతారు. ఈ ఫ్రేము మీది కాదు."

"నాది కాదని నాకు తెలీదా? కాస్త తగ్గించు."

"ఎక్కడ తగ్గించను?"

ఆమె మెడలో టేపు తీసి బారు కొలిచి, సుద్దతో రెండు చోట్ల గీతలు గీసింది. "ఇక్కణ్ణించి ఇక్కడికి."

"అక్కా, కుట్లు విప్పి సైజు తగ్గించడానికి ఇదేమన్నా చొక్కానా? ఇనుము."

"ఇంకా నయం, జేబు కూడా పెట్టమనలేదు" అంది వెంట వచ్చిన పిన్ని. టేపక్క దగ్గరే ఉంటూ బొత్తాలు కుట్టిపెట్టే మనిషి ఆవిడ.

ఫ్రేము తగ్గలేదు గానీ మిగతావన్నీ మారాయి. సీటు కిందికి దింపారు. హ్యాండిల్ దగ్గరికి జరిపారు. కొండ కోసం గేర్లు పెట్టారు, టైర్లు కొత్తవి వేశారు. అతను ఎడమ పెడల్ మీద పానా పెట్టబోతే మాత్రం ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ముట్టుకోకు. సీటు తోలు కూడా మార్చకు."

"పెడల్ వంకరగా తిరుగుతోంది. మోకాలు పట్టేస్తుంది."

"పట్టనీ."

రోజూ తెల్లవారగానే సాధన. టక్, టక్. మొదట్లో ఆ చప్పుడు తోడుగా ఉందని మురిసిపోయింది. వారాలు గడిచాక ఒక ఉదయం షాపు అతను తన బండి మీద ఆమె వెనకే వస్తూ అరిచాడు.

"కుడికాలితో తొక్కట్లేదేంటక్కా? ఏమైంది ఆ కాలికి?"

"ఏమీ కాలేదే!"

ఆమె కిందికి చూసుకుంది. కుడికాలు పెడల్ మీద ఊరికే తిరుగుతోంది.

ఇంటి ముందు దిగి గుమ్మం దాకా నడిచేసరికి పిన్ని చేతిలో సూది ఆగిపోయింది.

"అదేం నడకే? వాడిలా ఈడుస్తున్నావేంటి?"

ఈసారి పిన్ని ఎగతాళి చేయలేదు.

టేపక్క మళ్ళీ బయటికి వెళ్ళి సీటు మీద అరచెయ్యి పెట్టింది. ఎడమవైపు తోలు గుంటపడి ఉంది. అన్నేళ్ళు అతను అటు ఒరిగి కూర్చున్న గుంట. అందులో కూర్చున్నది ఎవరైనా అటే ఒరగాలి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"మనిషిని దింపకుండానే కొలతలు తీశాను పిన్నీ" అంది.

ఆ రోజే షాపుకు వెళ్ళింది. అతను చిన్న ఫ్రేము ఒకటి బయటికి తీశాడు. కూర్చోబెట్టి, మడమ పెడల్ మీద పెట్టమని, కాలు తిన్నగా వచ్చేదాకా సీటు సర్దాడు. మోచేతులు బిగుసుకోకుండా హ్యాండిల్ అందేలా చూశాడు. పాత సైకిల్‌ను ఆమె దుకాణం వెనక గదిలో నిలబెట్టి దుప్పటి కప్పింది. దుప్పటి కింద దాని భుజాలు తెలుస్తూనే ఉండేవి.

కొత్త బండి చప్పుడు చేయలేదు. మొదటి రోజు ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసిందట. "వెనక ఎవరో ఉన్నారని కాదు, లేరేమోనని" అని తర్వాత నాతో అంది.

యాత్ర రెండో రోజు కొండ. షాపు అతను కూడా రిపేరు సామాన్ల వ్యానులో వచ్చాడు. సగం ఎక్కాక టేపక్క ఆగిపోయింది.

"పాత పెడల్ వేశావా దీనికి?"

"ఎందుకేస్తానక్కా?"

"మరి విను."

అతను వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పాడు. చడీచప్పుడూ లేదు. ఆమెను ఎక్కి తొక్కమన్నాడు. ఎడమకాలు కిందికి దిగింది. టక్. అతను పక్కనే నడుస్తూ చెవి వంచాడు. మొహం మారింది.

"బండి కాదక్కా. మీ మోకాలు."

ఆమె దిగి మోకాలు తడిమి చూసుకుంది.

"వ్యాను ఎక్కండి. ఇక్కడిదాకా వచ్చారు, చాల్దా?"

"వాడు ఆ వార్డుకి సగం దూరం వెళ్ళి తిరిగొచ్చిన రోజు ఒక్కటి లేదు. ఈ కాలితో చేరతానా, లేదా? అది చెప్పు."

"చిన్న గేరులో, కుడికాలిని కూడా పని చేయిస్తే చేరతారు."

చేరింది. అందరికంటే చివర, ఎండ తగ్గాక. కొండ దిగేటప్పుడు తొక్కాల్సిన పని లేదు కాబట్టి చప్పుడు లేదనీ, సముద్రం దగ్గర చదునునేల రాగానే మళ్ళీ మొదలైందనీ చెప్పింది.

మొన్న కోటు కాలరు తిరగేయించుకుందామని వెళ్ళాను. వెనక గది ఖాళీ. పాత సైకిల్ సీటు తోలూ ఎడమ పెడలూ తీయించి, కొత్తవి వేయించి, ఎవరో పొడగరికి ఇచ్చేసిందట. "మనిషిని దింపే ఇచ్చాను" అంది. కుట్టుమిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. ఎడమ పాదం వాలినప్పుడల్లా, మిషన్ హోరు కింద నుంచి, టక్.

"డాక్టరుకి చూపించుకోవే" అంది పిన్ని.

"చూపిస్తాలే."

మరుక్షణం టక్ మంది. పిన్ని బొత్తాం కుట్టడం ఆపి వీధి మలుపు వైపు చూసింది. చూసి, లేచి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది. టేపక్క ఆమెను ఆపలేదు, తొక్కడమూ ఆపలేదు.