అన్నభేది వేసిన నీళ్లు

ఉత్ప్రేరకం అనే మాట నాకు ఒక పాత పదో తరగతి పుస్తకంలో కనబడింది. చిత్తుకాగితాల కొట్టులో దొరికిన పుస్తకం అది. బడికి పోయి నేర్చింది తక్కువ, ఇట్లా ఏరుకొని చదివిందే ఎక్కువ. తాను ఖర్చు కాకుండా ఎదుటి పనిని తొందర చేసేది ఉత్ప్రేరకం అని అందులో ఉంది. ఆ మాట మా గడపలోకి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మాది వరంగల్‌లో జంపఖానాల నూలుకు రంగులేసే చిన్న కార్ఖానా. అన్న పోయాక వదినే నడిపింది. రంగేయగా మిగిలిన నీళ్లు ఎప్పుడూ మోరీలోకే పోయేవి. మోరీ ఎర్రగా పారితే పెళ్లి జంపఖానా అని, పచ్చగా పారితే మరొకటని వాడకట్టంతా చెప్పేది. పన్ను వసూలుకు వచ్చినవాళ్లు, ఓట్లకు వచ్చినవాళ్లు ఆ మోరీ దాటుకుంటూనే వచ్చారు. ఇదేమిటని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. ఉన్నట్టుండి ఒక ఆఫీసరు వచ్చి, నీళ్లు శుద్ధి చేసి వదలండి, లేకుంటే మూసేయండి అన్నాడు. ఎట్లా చేయాలయ్యా అంటే, అది చెప్పడం తన పని కాదట.

ఆ రోజుల్లోనే కాలేజీలో పరిశోధన చేసే ఒక అమ్మాయి మా రంగునీళ్ల కోసం వచ్చింది. మా వాకిట్లోనే ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకుంది. నీళ్లలో కాస్త ఆసిడ్ కలిపి పులుపు చేసి, గుప్పెడు అన్నభేది వేసి, పెరాక్సైడ్ పోసి ఎండలో ఉంచేది. అన్నభేదిలోని ఇనుము పెరాక్సైడ్‌ను ఉసిగొల్పితే అది రంగును ముక్కలు చేస్తుందని, పులుపు పోతే మాత్రం ఇనుము తుప్పై అడుగుకు దిగుతుందని నాకు చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఎర్రనీళ్లు తేటగా అయ్యాయి.

"బిడ్డా, ఇగ తాగొచ్చా?" అంది వదిన.

"వద్దు పెద్దమ్మా! రంగు పోయింది గని లోపల ఇంకేమన్న మిగిలిందేమో ల్యాబ్‌ల చూడాలె."

"అయితే మా మరిదికి తాపుదాం. అన్ని పుస్తకాలు మింగినోడు, ఇదొక లెక్కనా!"

ఈ శుద్ధి చూడ్డానికి ఆఫీసరు వస్తానన్న రోజు వదిన పెందలాడే లేచింది. మా పనిలో ఒక రివాజు ఉంది. ముఖ్యమైన రంగుకు ముందు గిన్నె లోపలంతా సోడా చిక్కగా కలిపి పూసి ఎండబెడతారు. మొదట పోసిన నీళ్లతో గిన్నె కడిగి పారబోసి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. వదిన ఆ అమ్మాయి డ్రమ్ముకు కూడా అట్లాగే సోడా పూసి, అంచున పసుపు బొట్టు పెట్టింది. నేను నూలు దించుకోవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆఫీసరు నిలబడి ఉన్నాడు, డ్రమ్ము కడగకుండానే ఎర్రనీళ్లు అందులో పడ్డాయి.

ఆసిడ్ పోయగానే బుసబుస పొంగింది. అమ్మాయి చెయ్యి ఆగింది. పులుపు చూసే కాగితం కోసం సంచిలో వెతుకుతుంటే ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"ఎంతసేపమ్మా? నేను ఇంకో కాడికి పోవాలె."

కాగితం సంచిలోనే ఉండిపోయింది. అన్నభేది పడింది, పెరాక్సైడ్ పడింది. నీళ్లు తేరలేదు. గోధుమరంగు మడ్డి లేచి, ఎరుపు మరింత మురికిగా అయింది.

"ఇదేనా మీ కెటలిస్టు?" అన్నాడాయన. ఇంకొక్కసారి చూడండి సార్ అంటూ అమ్మాయి గేటుదాకా వెంటపడింది. జీపు కదిలిపోయింది. ఇన్నేళ్ల మోరీ కంటికి ఆననివాళ్లు ఒక్క డ్రమ్ము చూసి తీర్పు చెప్పారు.

అమ్మాయి డ్రమ్ము అంచు లోపల వేలితో రుద్దింది. పులుపును విరిచిన సోడా వేలికి తెల్లగా అంటింది. అంచున పసుపు చూసింది, నన్ను చూసింది.

"మొన్న మంచిగనే అయ్యింది గద బిడ్డా?"

"నేను తెచ్చిన మందు పాతది పెద్దమ్మా. తప్పు నాదే."

"తప్పేముంది తియ్యి. ఫికర్ చెయ్యకు. జర చాయ్ తాగి పో."

ఆమె చాయ్ తాగింది. నేను డ్రమ్ము కడిగి బోర్లించాను.

కార్ఖానా మూయమని కాగితం వచ్చింది. మూశాం. గిన్నెలు పాత సామాన్లవాడు తీసుకుపోయాడు. వాటిని వ్యానెక్కించడానికి నేనే ఒక చెయ్యి వేశాను. బరువు తెలిసింది, అంతకంటే ఏమీ తెలియలేదు. వదిన ఇప్పుడు ఇంట్లోనే కూలికి నూలు కండెలు చుడుతోంది. ఆఫీసరు మీద కోపం ఉంది. కాని అది ఎవరో చెప్పగా విన్న కోపంలా ఉంది.

మొన్న అమ్మాయి ఫోను చేసింది. మా దగ్గర పట్టుకుపోయిన చివరి నీళ్లను ల్యాబులో మళ్లీ చేసిందట. తేటగా వచ్చాయి, ల్యాబు పరీక్షలోనూ నిలిచాయి అంది. "పెద్దమ్మకు చెప్పమంటవా కాకా?" అని అడిగింది. వద్దన్నాను.

"ఎవరు?" అంది వదిన, కండె మీద నుంచి కళ్లెత్తకుండా.

రాంగ్ నంబరు అన్నాను.