తిమ్మన్న చూపిన పాయింట్లు

మహేశ్వరికి ఊహ తెలిసినప్పటి నుంచీ, రాప్తాడు పక్క పల్లెల్లో ఎవరు బోరు వేయించాలన్నా వాళ్ల నాయన తిమ్మన్న రావాల్సిందే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగేవాడు. కాయ నిటారుగా లేచినచోట మడమతో గీత గీసేవాడు; బోరు వేయాల్సిన పాయింటు అదే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు, అన్నం పెడితే తినొస్తాడు. నీళ్లు పడినవాళ్లు ఆయన్ని దేవుడన్నారు. పడనివాళ్లు తమ రాత ఇంతేననుకున్నారు.

మహేశ్వరి ఇప్పుడొక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తోంది. మూతలేని ఎండుబోర్లు ఎక్కడెక్కడున్నాయో మ్యాపులో చూపించమన్నారు. ఎండలో చేలవెంట తిరిగి, ఒక్కో బోరు దగ్గర నిలబడి, ఫోను చూపిన అక్షాంశం, రేఖాంశం ఎక్సెల్ షీటులో ఎక్కించింది. రైతు పేరు, లోతు, పాయింటు చూపినవాళ్ల పేరు కూడా రాసింది.

మొదటిసారి మ్యాపులో పెడితే ఆ రెండు అంకెలూ తారుమారై, బోర్లన్నీ ఉత్తరధ్రువం దగ్గరి సముద్రంలో తేలాయి. నవ్వుకుంటూ సరిచేసింది. చుక్కలు వచ్చి పల్లెల మీద వాలాయి. పాయింటు చూపినవాళ్లను బట్టి రంగులు వేసింది. తిమ్మన్నకు ఎరుపు. తెరంతా ఎరుపే.

ఇంట్లో చెప్పకూడదనుకుంది. కానీ ఇన్నాళ్లూ ఎండలో ఏం చేసిందో చూపించమని ఆయనే పక్కన కూర్చున్నాడు. ఎర్రచుక్కల పక్కనున్న తన పేరు మీద వేలు పెట్టాడు.

"ఈ ఎర్రవన్నీ నేను చూపించినవేనామ్మా?"

"అవు నాయనా. నీ పేరు తీసేస్తాలే. ఎవురికీ తెలీదు."

"తీయొద్దు. నువ్వు చూడనివి ఇంకా ఉండాయి. రేపు పోదాం పా."

మర్నాడు ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక. ఇంకో పదకొండు దొరికాయి. ఆఖరిది గంగక్క చేను. రెండో బోరూ ఎండాక మొగుడు బెంగళూరుకు కూలికి పోయాడు, ఆమె ఒంటరిగా ఉంది. ఎండలో వచ్చారని చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తిమ్మన్న చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

"తెలుసనుకొని చెప్పినా గంగక్కా. నాకేం తెలీదు."

ఆయన వంగి బండరాయి దొర్లించుకొచ్చి బోరు నోటికి అడ్డం పెట్టాడు. మహేశ్వరి ఆ అంకెలు ఎక్కించుకుంది.

ఆ వేసవిలోనే పక్కూరివాళ్లు పాయింటు చూపమని వచ్చారు. తిమ్మన్న లోపలే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాయన ఇంట్లో లేడని చెప్పి, మహేశ్వరి వాకిట్లోంచే వాళ్లను పంపేసింది.