ఫ్యాను ఆపి కొట్టిన ఊ

మా బృందంలో చేతులెత్తే పద్ధతి లేదు. ఇంటర్నెట్‌కు సూత్రాలు రాసే ఇంజనీర్ల సభల్లో ఒక ఆచారం ఉంది. ఏదైనా తేల్చుకోవాలంటే అందరూ నోరు మూసుకుని గొంతులోనే "ఊఁ" అంటారు. మోత ఎటు గట్టిగా ఉంటే అటు మొగ్గు. ఎవరు ఎటన్నారో తెలియదు కాబట్టి పెద్దవాళ్ల మొహం చూసి చెయ్యెత్తే బాధ ఉండదు. ఒడియావారైన మా ప్రొఫెసర్‌గారికి ఈ ఆచారమంటే ప్రాణం. బరంపురం దగ్గర హల్దియాపదర్‌లోని అద్దెగదిలో ఉన్నది ముగ్గురమే అయినా దాన్నే పాటించేవారు. ముగ్గురిలో ఊ అన్నదెవరో గోడలకు కూడా తెలుస్తుంది కదా అని నేను పోట్లాడేదాన్ని.

"మేడమ్, మీరు ఊఁ అనరు, ఉరుముతారు," అనేవారాయన తన బరంపురం తెలుగులో.

మూడో మనిషి గోపాలపూర్ జాలరి కుటుంబంలో పుట్టి డిగ్రీ చదివినామె. ఫోనూ నెట్టూ గురించి తీరంలో వాళ్లు చెప్పుకునే కష్టాలు రికార్డు చేసి తెచ్చేది. మేము వాటిని ఇంగ్లీషులో పెట్టి, దేశదేశాల పరిశోధన బృందాలు కలిసే ఒక వేదికకు పంపేవాళ్లం. ఇంటర్నెట్‌ను ఎవరు, ఎలా నడపాలన్న దానిపై ఆ వేదిక ఏటా సిఫార్సుల పత్రం రాస్తుంది. దాన్ని పాటించి తీరాలని ఏ ప్రభుత్వానికీ లేదు. మరెందుకీ చాకిరీ అని విసుక్కునేదీ నేనే, కామా కామాకీ కూర్చుని దిద్దేదీ నేనే.

ఒకసారి ఊళ్లో ఏవో గొడవలు జరిగి నెట్ కట్టేశారు. సముద్రం మీద గాలి ఎలా ఉంటుందో చెబుతూ పడవలవాళ్ల ఫోన్ గ్రూపులో రోజూ వచ్చే గాలి కబురు ఆ ఉదయం రాలేదు. మా జాలరి అమ్మాయి వాళ్లన్న వేటకు వెళ్లాడు. పడవ దొరికింది. అతను దొరకలేదు.

కర్మ అయ్యాక గదికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నెట్ కట్టీసినా గాలి కబురు ఆపకూడదని ఆ కాయితంలో రాయించు. ఇంకేటీ వద్దు నాకు."

"ఆ కాగితం చూసి ఎవరూ మారరే," అన్నాను. నా నోరు అలాంటిది.

"మారకపోతే పోనీ. మా యమ్మకి సెప్పుకోడానికుంటాది."

రాశాం. ఆ ఒక్క వాక్యం చర్చకు వచ్చింది. సభ ఎక్కడో దూరదేశంలో. మేము గదిలోంచి వీడియోలో కూర్చున్నాం. వేసవి మధ్యాహ్నం. మన గొంతు శుభ్రంగా వెళ్లాలని సార్ లేచి ఫ్యాను ఆపేశారు. అక్కడా ఇదే ఆచారం, అధ్యక్షుడు ఒప్పుకునేవాళ్లను ఊఁ అనమన్నాడు. అక్కడి హాల్లో సన్నగా మోత లేచింది. ఇక్కడ ముగ్గురం గొంతు తెగేలా అన్నాం. సార్ కళ్లద్దాల మీదికి చెమట జారుతోంది. ఆమె కళ్లు మూసుకుంది. మెడ నరాలు పైకి తేలాయి.

"దూరం నుంచి ఏమీ వినిపించలేదు. హాల్లో మద్దతు చాలలేదు," అని అధ్యక్షుడు తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. నేను మైకులో అరిచాను, చాట్‌లో రాశాను. ముగిసిన అంశాన్ని మళ్లీ తెరవలేమని ఎంతో మర్యాదగా చెప్పారు.

వారం పోయాక అక్కడి సాంకేతిక సిబ్బంది కారణం రాసి పంపారు. మాట కాకుండా ఒకే తీరున సాగే మోతను వాళ్ల సాఫ్ట్‌వేర్ ఫ్యాను చప్పుడనుకుని తుడిచేస్తుందట. ఫ్యాను మేము ఆపే కూర్చున్నాం.

సార్ ఆమెకు చెప్పలేక చెప్పారు. ఆమె కోప్పడలేదు.

"నోటితో అడిగుంటే నోటితో సెప్పుదును కదా, సార్," అంది.

ఆ తర్వాత ఆమె రాలేదు. తర్వాతి సమావేశంలో సార్ ఊఁ అనమనలేదు. "చేతులెత్తండి," అన్నారు. ఉన్నది ఇద్దరం. దేనికోసం ఎత్తామో ఇప్పుడు గుర్తు లేదు.

కొన్నాళ్లకు గోపాలపూర్ వెళ్లాను. ఆమె చేపల బేరానికి వెళ్లింది. వాళ్లమ్మ ఇసుక మీద వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది.

"కాయితంలో మా పిల్లడి సంగతి రాసినారా, తల్లీ?"

"లేదమ్మా."

"ఎవులు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు."

"ఎవులూ వద్దనకపోతే మరి రాయడానికేటి?"

ఎవరితోనైనా వాదించి గెలవగలనని పేరున్న దాన్ని. ఆవిడ పక్కన ఆ ఇసుకలోనే కూర్చున్నాను. ఆవిడ చేపలు తిరగేస్తూనే ఆ ఉదయం సంగతి మొదలుపెట్టింది. కొడుకు గంజి తాగడం, ఫోన్ రెండుసార్లు చూసుకోవడం, ఆకాశం తేటగా ఉందనుకోవడం. మధ్యలో ఆగింది.

"ఇంటన్నావా, తల్లీ?"

"ఊఁ," అన్నాను.

ఆవిడ మళ్లీ చెప్పసాగింది.