పెత్రమాస నాడు ఆగిన మగ్గాలు

సిరిసిల్లలో జిల్లా కోర్టు కొత్తగా మొదలైన ఏడాది అది. జగిత్యాలలో నా వకాలత్ చివరి ఏళ్లు. కోరుట్ల నుంచి రాజేశం వచ్చాడు. సిరిసిల్లలో ఆయనకూ బావమరిది సత్తయ్యకూ పొత్తులో ఒక మరమగ్గాల షెడ్డు ఉంది. ఇద్దరికీ చెడింది. ఒప్పందంలో రాసుకున్నట్టే తగాదా ఆర్బిట్రేటర్ ముందుకు పోయింది. అంటే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న మధ్యవర్తి. ఆయన నిర్ణయాన్ని అవార్డు అంటారు, దానికి డిక్రీకున్నంత బలం. ఈ ఆర్బిట్రేటర్ జగిత్యాలలోనే ఉండే రిటైర్డ్ ఇంజనీరు. రాజేశం షెడ్డును నడపకుండా వదిలేశాడని, అది మొత్తం సత్తయ్యదేనని అవార్డు ఇచ్చాడు. రాజేశానికి వేరే బతుకుదెరువు లేదు.

అవార్డు కొట్టేయమని ముప్పై నాలుగో సెక్షన్ కింద జిల్లా కోర్టుకు పోవచ్చు. అయితే అది అప్పీలు కాదు. నిర్ణయం తప్పంటే కోర్టు వినదు, నడిపిన పద్ధతిలో దోషం చూపాలి. రాజేశం ఆ దోషాన్ని ఫోన్‌లో పట్టుకొచ్చాడు. దసరా నాడు ఆర్బిట్రేటర్ సత్తయ్యతో అలాయ్ బలాయ్ తీసుకుంటున్న ఫోటో! పక్షపాతానికి ఇంకేం సాక్ష్యం కావాలని ఆయన వాదన. మరి నువ్వు ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టలేదా అని అడిగాను.

“నేను గూడ పోయి పెట్టిన. నన్ను గూడ కావలించుకున్నడు,” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆ లెక్కన దసరా నాడు జిల్లా అంతా పక్షపాతమేనని చెప్పి పంపేశాను.

సాయంత్రం అవార్డు మళ్లీ చదివాను. సత్తయ్య వెంట షెడ్డుకు వెళ్లి చూశానని, ఒక్క మగ్గమూ నడవడం లేదని ఒక పేరాలో ఉంది. తేదీ చూస్తే పెత్రమాస, పెద్దల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య. మా తాతలూ నేతగాళ్లే కనుక అనుమానం వచ్చింది. మర్నాడు రాజేశాన్ని పిలిచి, ఆ రోజు ఎక్కడున్నావని అడిగాను.

“నాయిన పేరు మీద బియ్యమియ్య ధర్మపురికి పోయిన, వకీల్ సాబ్. పెత్రమాసకు మా షెడ్ల మగ్గం నడ్వది. గిది గూడ చెప్పాల్నా?”

చెప్పాల్సింది అదొక్కటే. తనిఖీకి పోయే ముందు ఇద్దరికీ నోటీసు ఇవ్వాలన్నది చట్టం. రాజేశానికి ఇవ్వలేదు. ఆ రోజు మగ్గాలు ఎందుకాగాయో సత్తయ్యకు తెలుసు, చెప్పలేదు. నేను ఫోటో దాఖలు చేయలేదు, ఆర్బిట్రేటర్‌ను ఒక్క మాటా అనలేదు. ఆయన మనసులో ఏముందో తేల్చే పని తనకు లేదని, ఒకరికి చెప్పకుండా చూసినదాని మీద ఇచ్చిన అవార్డు నిలవదని జడ్జి కొట్టేశారు. కొత్త ఆర్బిట్రేటర్ ఇద్దరినీ వెంటబెట్టుకుని షెడ్డుకు పోయాడు. మగ్గాల చప్పుడుకు ఆయన అడిగేది ఎవరికీ వినపడలేదట. రాజేశం సగం రాజేశానికి దక్కింది.

మరుసటి దసరాకు, ఫోటో సంగతి ఎలాగో చెవిన పడ్డ పాత ఆర్బిట్రేటరే నా చేతిలో జమ్మి పెట్టి, “ఎవరన్న ఫోటో తీస్తున్నరా చూడుండ్రి,” అన్నాడు. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం. ఆ కేసు తర్వాత పక్షపాతమంటూ వచ్చిన ప్రతి కక్షిదారునీ నేను మొదట అడిగింది ఒకటే: నిన్ను పిలవకుండా ఏం చూశారు?