అంచు దాకా పోసిన కాఫీ

అరబ్బుల దేశంలో, నిజ్వా అనే ఊళ్లో ఒక పెద్దామె చేత తిట్లు తినాలని నేను ఎంతగానో కోరుకున్నాను. నాకు దక్కని ఆ తిట్లన్నీ నా పక్కనే కూర్చుని కడప అమ్మాయి తింటుంటే నా కడుపు మండిపోయేది.

మేమిద్దరం శుక్రవారాలు సేవకు వెళ్లేవాళ్లం. ఇక్కడి వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చేసే చిన్న బృందం మాది. నేను కరీంనగర్‌లో నర్సుగా చేసి, మా ఆయన వెంట వచ్చి ఖాళీగా ఉన్నదాన్ని. ఆ అమ్మాయి లేడీస్ టైలరింగ్ షాపులో కుడుతుంది. పెద్దామెకు మోకాలి ఆపరేషన్ అయింది. కాలికి వ్యాయామం చేయించేది నేను, పట్టుకుని నడిపించేది నేను. ఆ అమ్మాయి చేసేదల్లా గిన్నెలు కడగడం, వచ్చీరాని అరబ్బీలో కబుర్లు చెప్పడం.

అయినా పెద్దామె ప్రాణమంతా దాని మీదే. ఆలస్యమైతే కసిరేది, చున్నీ సరిచేసేది, ఖర్జూరాల పళ్లెం తెమ్మని పని చెప్పేది. నేను గడప దాటితే మాత్రం సర్దుకుని కూర్చుని, గోడవారన పరిచిన మెత్త మీద కూర్చోమని చూపించేది. మొదటి కప్పు కాఫీ నాకే. ఆ మర్యాదకు మొదట్లో ఉబ్బిపోయాను. 'అరబ్బులు మనిషికి ఎంత విలువిస్తారో' అని మా ఆయనకు వర్ణించి చెప్పాను కూడా. తర్వాత్తర్వాత అసలు సంగతి తెలిసొచ్చింది. మా ఇంట్లోనూ అంతే కదా, వచ్చినవాళ్లకు కుర్చీ, ఇంటి పిల్లకు చీవాట్లు. వాళ్లిద్దరిదీ ఒకే మతం, అందుకే అని సరిపెట్టుకోబోయాను. మనసు ఒప్పుకోలేదు. సేవ చేయడానికి వెళ్లి చుట్టంగా మిగిలిపోయాను.

ఒకరోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు పరామర్శకు వచ్చారు. అక్కడ కాఫీ పోసేది ఇంటి పిల్లే. కడప అమ్మాయి వంటింట్లో ఉంది. ఇదే అదను అనుకుని కూజా అందుకున్నాను. చెవుల్లేని బుల్లి కప్పులు. అన్నిట్లోనూ అంచు దాకా పోశాను. సగం పోసి ఇస్తే మా వైపు పిసినారి అంటారు.

ఒకావిడ అబాయా సర్దుకుని లేవబోయింది. వంటింటి గుమ్మంలోంచి కడప అమ్మాయి గుడ్లు తేలేసింది.

"అయ్యో అక్కా, నిండా పోసేసినావే! అట్ల పోస్తే తాగి లేసి పొమ్మని ఈళ్లకి అర్థం. రోంత రోంత పోయాల, అయిపోతే మళ్లా పోయాల."

పెద్దామె నెత్తి కొట్టుకుంది. చేతికర్రతో నా కాలి మీద ఒక్కటి తట్టి అరబ్బీలో గడగడా తిట్టింది. వచ్చినవాళ్లు నవ్వేశారు, లేవబోయినావిడ మళ్లీ కూర్చుంది. పెద్దామె కప్పులన్నీ కడిగించి, నా మణికట్టు పట్టుకుని, అడుగు తడిసేంత మాత్రమే పోయించింది. నాకు ఒళ్లంతా పులకరించింది.

తిరిగి వస్తుంటే కడప అమ్మాయి ముభావంగా నడిచింది.

"పెద్దామె ఏమని తిట్టిందే?" అన్నాను.

"ఏముందిలే."

"చెప్పరాదూ!"

"ఇన్నాళ్లు మనింట్లో తిరగతా ఇది గూడా నేర్చుకోలేదా అనింది." మళ్లీ తనే అంది, "నాకెప్పుడూ అట్ల చేయి పట్టుకోని నేర్పియ్యలేదక్కా."

జాలి పడాల్సింది. పడలేదు, లోపల పండగ చేసుకున్నాను.

తర్వాతి వారం గోడవారన మెత్త లేదు. పెద్దామె నన్ను చూసి, గడ్డంతో వంటింటి వైపు చూపించింది. వెనక కడప అమ్మాయి ఇంకా చెప్పులు విప్పుతోంది. అది లోపలికి రాకముందే కూజా అందుకోవాలని గబగబా నడిచాను.