తప్పు గదిలో కూర్చున్న సెనేటర్

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో మా వీధి చివరి ఇల్లు నాగమల్లేశ్వరి గారిది. ఇప్పుడావిడ రాష్ట్ర సెనేటర్. రాజకీయాల్లోకి మాత్రం పొరపాటున వచ్చారు.

సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది, లైబ్రరీలో కుట్టు క్లాసుకని వెళ్లి పక్క గదిలో కూర్చున్నారు. అక్కడ జరుగుతున్నది పార్టీ మీటింగ్. మధ్యలో లేచి వెళ్తే బాగుండదని చివరిదాకా ఉన్నారు. "మీ వైపు ఇళ్లకి వెళ్లి ఓటర్లతో మాట్లాడేవాళ్లు లేరు, మీరు వెళ్తారా?" అని అడిగారు వాళ్లు. సరేనన్నారు.

మొదట మా తలుపే కొట్టారు.

"ఓటుంది కదమ్మా, ఎందుకు వెయ్యవు?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి, "అయితే నేను అడుగుతున్నా," అన్నారు.

అలా తెలుగువాళ్లనీ, మెక్సికన్లనీ, ఎండనక మంచనక అందరినీ అడుగుతూ తిరిగారు. కొన్నేళ్లకి మా కౌంటీకి, అంటే జిల్లాకి, పార్టీ అధ్యక్షురాలయ్యారు.

అప్పుడే మా సెనేటర్ ఆరోగ్యం బాగోక రాజీనామా చేశారు. ఖాళీ సీటుకి మనిషిని పార్టీయే ఎంచాలి. ఒక లాయరూ, ఒక స్కూల్ టీచరూ నాకంటే నాకని పట్టుబట్టారు. ఆవిడ ఇద్దరినీ ఇంటికి పిలిచి ఉప్మా పెట్టారు. ప్లేట్లు ఖాళీ అయ్యాయి గానీ తగువు తెగలేదు. చివరికి టీచరే, "నేను తప్పుకుంటాను, కానీ మీరు నిలబడితేనే," అంది. లాయర్ కూడా తలూపాడు.

"నేనా? మీటింగులకి కుర్చీలు వేసేదాన్ని నేను!" అన్నారావిడ.

"వేసింది చాల్లే. ఇక కూర్చో," అన్నారు వంటింట్లోంచి భర్త ఫణి గారు.

పార్టీ ఆవిడనే పంపింది. కానీ ఆ సీటు నిలవాలంటే ఆ ఏడాదే ఎన్నికల్లో గెలవాలి. డిబేట్‌లో ఒక రైతు లేచి పొలంలో వాననీళ్లు నిలిచిపోవడం గురించి అడిగాడు. "నాకు తెలీదు. తెలుసుకుని మీ ఇంటికొచ్చి చెప్తా," అన్నారు. హాలంతా నవ్వింది. కూతురు సంహిత తల పట్టుకుంది. "అమ్మా, అలా చెప్పొద్దు!"

వారం తిరక్కుండా ఆవిడ సంగతి తెలుసుకుని, నిజంగానే ఆయన పొలానికి వెళ్లారు. బురదలో కారు దిగబడితే ఆయనే ట్రాక్టర్‌తో బయటికి లాగాడు. మర్నాటికి ఆయన ఇంటి ముందు ఓటెయ్యమంటూ ఆవిడ పేరున్న బోర్డు వెలిసింది.

గెలిచారు. ప్రమాణం రోజు రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వ్యాన్ మాట్లాడుకుని మేమంతా వెళ్లాం. పేర్లు చదివే ఆయన ఆవిడ పేరు దగ్గర తడబడ్డాడు.

"మెల్లగా చదవండి, నాకేం తొందర్లేదు," అన్నారావిడ.

ఆయన నవ్వి, మళ్లీ మొదలుపెట్టి, పేరంతా తప్పు లేకుండా చదివాడు. పైన గ్యాలరీలో మేం లేచి నిలబడి, చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాం.