తాళం పడిన బొమ్మలు

పోయిన నెలలో ఒక పొద్దున ఏడు గంటలకు నా ఫోను మోగింది. తెర మీద పెద్దబాపు పేరు. ఆయన మా నాన్నకు అన్న. రోజూ ఆ వేళకు ఫోను చేసేది ఆయనే. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ, "చెప్పు పెద్దబాపూ, ఇయ్యాల ఏం వార్త?" అన్నాను. అటునుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"బిడ్డా, నీ పెద్దబాపు లేడే. పొద్దుగాల ఛాతీల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోతుంటే చిట్యాల దాటకముందే పాణం పోయింది."

ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

పెద్దబాపు నేతపనివాడు. రామన్నపేట దగ్గర మా ఊళ్లో గుంటమగ్గం మీద నలభై ఏళ్లు చీరలు నేశాడు. చదివింది ఏడో తరగతి. అయినా ఫోన్ల గురించి, కంప్యూటర్ల గురించి పేపర్లో ఎంత చిన్న ముక్క పడినా వదిలేవాడు కాదు. చదివి ఊరుకునే మనిషీ కాదు. దాని మీద తన మాట ఒకటి ఉండాలి, అది ఎవరికైనా చెప్పాలి, అప్పటిదాకా చాయ్ గొంతు దిగదు. నేను నల్లగొండలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను కాబట్టి ఆ వినే మనిషిని నేనయ్యాను.

"ఫోనుకు నాలుగో కన్ను పెట్టిన్రట బిడ్డా. చూసెటోనికేమో రెండే కండ్లాయె," అనేవాడు ఒకరోజు. మరోరోజు, "మొన్న మీ పెద్దమ్మతోని మోకాళ్ల నొప్పని అన్ననో లేదో, ఫోన్ల నొప్పుల నూనె కనపడ్డది. ఎన్కట గోడలకు చెవులుండేటివి, ఇప్పుడు జేబులకొచ్చినయి," అని నవ్వేవాడు. అన్నింటికీ 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే అలవాటంటే ఆయనకు మంట. "ఏం ఒప్పుకున్నవో నీకెరుకనా? పెండ్లిల గూడ ఇంత జల్ది ఒప్పుకోరు గదనే!"

రామన్నపేట హోటల్లో చాయ్ తాగేవాళ్లకు కూడా ఇవే పాఠాలు. "ఫోన్లకొచ్చిన నంబరు చెప్పమన్నోడు చుట్టమైనా సరే, దొంగనే అనుకోండ్రి," అని గట్టిగా చెప్పేవాడు. పాస్‌వర్డ్ గురించి ఆయన మాట నేను ఇప్పటికీ తరగతిలో చెబుతాను. "చిటికి ముడి లెక్కుండాలె. కట్టినోనికే ఇప్పరావాలె."

చిటికి అంటే తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మా వైపు చీరల మీద కనిపించే పూలు, ఏనుగులు, చిలుకలు మగ్గం మీద పుట్టవు. వాటి పుట్టుక నూలులోనే జరిగిపోతుంది. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, ఆ గళ్ల లెక్క ప్రకారం దారాన్ని అక్కడక్కడ ముడి కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. ఆ ముడే చిటికి. కాగితం పోతే లెక్క పోతుంది, లెక్క పోతే బొమ్మ పోతుంది.

పెద్దబాపు దగ్గర వాళ్ల నాయిన గీసిన కాగితాలు, తను గీసినవి కలిపి రెండు రేకు పెట్టెలు ఉండేవి. తెలంగాణ వచ్చిన మరుసటి వానాకాలం ఒక పెట్టెకు చెదలు పట్టి సగం తినేశాయి. ఆ రోజు ఆయన మట్టి రాలుతున్న కాగితాలను వాకిట్లో పరుచుకుని కూర్చున్న తీరు నాకు గుర్తుంది. మర్నాడే చిట్యాల వెళ్లి, మూతపడుతున్న ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు.

"చెదలకు గిది తినరాదు గద!" అన్నాడు, దాని మీద దుమ్ము తుడుస్తూ.

మౌస్ పట్టుకోవడం నేనే నేర్పాను. పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసిరే చెయ్యి కదా, మొదట్లో మౌస్‌నూ అలాగే విసిరేవాడు. రెండేళ్లు పట్టింది. పగలు నేత, సాయంత్రం కంప్యూటర్. ఒక్కో గడి నింపుకుంటూ మిగిలిన బొమ్మలన్నీ అందులో దించాడు. చెదలు తిన్నవాటిని గుర్తు చేసుకుని మళ్లీ గీశాడు. అంతా అయ్యాక కాగితాలతో ఇక పని లేదనుకున్నాడు. పెద్దమ్మ వాటిని నీళ్ల పొయ్యిలోకి వాడేసింది.

ఆ బొమ్మలను ఇంటర్నెట్‌లో కూడా దాచుకుందామని నేను అడిగాను. ఒప్పుకోలేదు. "మబ్బులల్ల దాస్తరంట గద. నా బొమ్మలు ఎవని కాడనో ఎందుకు పెట్టాలె? రేపు వాడు నావే అంటే?" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేదని నేను ఇప్పటికీ అనలేను.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. బొమ్మలు గీసే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నాళ్లకు ఆగిపోయింది, కొనుక్కోమని అడిగింది. నేను సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఎక్కడో ఊరికే దొరికే నకలు ఒకటి దించాను. అది ఎక్కాలంటే వైరస్ కాపలాను కాసేపు ఆపమంది. ఆపాను. పెద్దబాపు నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఇది దొంగ సామాను కాదు గద బిడ్డా?"

"అందరు ఇదే వాడుతరు పెద్దబాపూ," అన్నాను.

రెండు వారాల తర్వాత ఆయన ఫోను చేసి, బొమ్మలు తెరుచుకోవడం లేదన్నాడు. వెళ్లి చూశాను. ప్రతి ఫైలు పేరు చివరా ఎవరూ ఎరగని నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి. తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక చీటీ. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే పైసలు పంపండి, ఇన్ని రోజుల్లో పంపకపోతే అదీ ఉండదు. ఒక్కో మాటా తెలుగులోకి మార్చి పెద్దబాపుకు చెప్పాను.

కంప్యూటర్‌ను నకిరేకల్‌లో బాగుచేసే షాపుకు తీసుకెళ్లాం. ఆ షాపాయన మంచివాడు. సాయంత్రం దాకా కుస్తీ పట్టి చేతులెత్తేశాడు. "పెద్దాయనా, ఇది పగలగొట్టే తాళం కాదు. వాని దగ్గరున్న చెవి తప్ప దేనికీ రాదు. పైసలు పంపినా ఇస్తడని నమ్మకం లేదు," అన్నాడు.

పెద్దబాపు చాలాసేపు ఆ తెరను చూశాడు. "ఒక్కసారి ఇస్తే ఇంకో నేతాయన ఇంటికి పోతడు వాడు. నేనియ్య," అన్నాడు. అంతే. దారంతా ఒడిలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ తాళం నేను ఎక్కించిన నకలుతోనే వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. పిల్లలకు కంప్యూటర్ నేర్పే మనిషిని, ఆ సమయంలో నాకు ఏమీ చేతకాలేదు.

నెల తిరక్కముందే ఆయన చీరలు వెతకడం మొదలుపెట్టాడు. కాగితం కాలిపోయింది, కంప్యూటర్‌కు తాళం పడింది, కానీ నేసిన చీరలు ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాయి కదా. తను నేసిన చీర ఏ పెళ్లికి ఏ ఇంటికి వెళ్లిందో గుర్తున్నంత మేరకు ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని రామన్నపేట, చిట్యాల, నకిరేకల్ చుట్టుపక్కల ఇళ్లకు తిరిగాడు. ముసలాయన వచ్చి మీ చీర చూపించమంటే కొందరు అనుమానంగా చూసేవారు. కొందరు పెట్టె తెరిచి, చాయ్ పోసి, చీర విప్పి మంచం మీద పరిచేవారు. ఆయన భూతద్దంతో పోగులు లెక్కపెట్టేవాడు, నేను ఫొటోలు తీసేదాన్ని.

నకిరేకల్‌లో ఒక అవ్వ ఇల్లు మరిచిపోలేను. ఆమె బిడ్డ పెళ్లికి పెద్దబాపు చిలుకల చీర నేశాడట. విషయం చెప్పగానే అవ్వ ముఖం చిన్నబోయింది.

"అయ్యో కొడుకా, అది చినిగితే బొంత కుట్టిన," అంది.

"ఆ బొంతనే తే అవ్వా."

బొంత తెచ్చింది. చిలుక ముక్కు ఒక మూల ఉంది, తోక ఇంకో మూల. నడుమ భాగం కుట్టు కిందికి మడిచిపోయింది. పెద్దబాపు నేల మీద కూర్చుని ఆ ముక్కలన్నిటినీ గళ్ల కాగితం మీదికి ఎక్కించాడు. నడుమ రెక్క మాత్రం దొరకలేదు. అవ్వ కత్తెర తెచ్చి, "విప్పుదునా కొడుకా?" అని అడిగింది. ఆయన వద్దన్నాడు. "చలికాలమొస్తున్నది. కప్పుకో అవ్వా."

తిరుగు బస్సులో నాకు దుఃఖం ఆగలేదు. అంతా చెప్పేశాను. ఆ నకలే తెచ్చింది ఈ తాళం అన్నాను, కాపలా ఆపింది నేనే అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"నాకెరుకే బిడ్డా. నువ్వు చాయ్ తేనీకి పోయినప్పుడు ఆ షాపాయన చెప్పిండు."

"మరి నన్నెందుకు అనలే?"

"అంటే బొమ్మలొస్తయా? నువ్వు ఇంటికి రాకుంట అయితవు. బొమ్మలు పోయినయి చాలదా?"

అప్పుడు నాకు మరో విషయం వెలిగింది. హోటల్లో, పెళ్లిళ్లలో, బస్టాండులో ఆయన ఈ కథ చెప్పని మనిషి లేడు. ఎప్పుడు చెప్పినా, "నేనే ఆశపడి దొంగ సామాను ఎక్కిచ్చుకున్న, మీరెవ్వరు ఎక్కిచ్చుకోకుండ్రి," అనే చెప్పేవాడు. ఒక్కసారి కూడా నా పేరు అందులోకి రానివ్వలేదు.

ఇల్లిల్లూ తిరిగితే దొరికినవి మూడోవంతు కూడా ఉండవు. దొరికినవాటికి మూడు నకళ్లు తీయించాడు. ఒకటి తనింట్లో, ఒకటి మా ఇంట్లో, ఒకటి కాగితం మీద. మిగిలినవాటి మీద ఆశ వదులుకోలేదు. ఇలాంటి తాళాలకు కొన్నిటికి కొన్నేళ్ల తర్వాత చెవి ఊరికే బయటికి వస్తుందని ఎక్కడో చదివాడు. అది నిజమే. అప్పటినుంచి పొద్దుటి ఫోనులో చివరి మాట ఎప్పుడూ ఒకటే.

"మన తాళంచెవి ఏమన్న వచ్చిందా బిడ్డా?"

"రాలేదు పెద్దబాపూ."

మొదటి ఏడాది నిజంగానే వెతికి చెప్పేదాన్ని. తర్వాత తర్వాత వెతకడం మానేశాను. పాలు కాచుకుంటూ, జడ వేసుకుంటూ, బస్సు కోసం పరుగెడుతూ 'రాలేదు' అనేదాన్ని. "సరే తీ, రేపు చూద్దాం," అనేవాడు. ఏళ్ల తరబడి ఆయన అడిగాడు, నేను చూడకుండానే చెప్పాను.

ఈమధ్య ఏది అడిగినా బొమ్మ గీసిచ్చే కృత్రిమ మేధ గురించి చదివి, పోయిన ఏనుగు బొమ్మను దానితో గీయించమన్నాడు. గీయించి పంపాను. కళ్లు చెదిరేంత అందమైన ఏనుగు వచ్చింది. సాయంత్రం ఫోను చేశాడు. "ఏనుగు మంచిగున్నది. కాని దీనికి పోగుల లెక్క లేదే. ఇది గోడకు తగిలిచ్చే ఏనుగు, కట్టుకునేది కాదు. పాపం, దానికేమెరుక!" ఆ యంత్రం మీద ఆయనకు కోపం లేదు, జాలే.

ఆయన పోయిన మూడో రోజు, పెద్దమ్మ ఇంట్లో అందరూ నడుం వాల్చిన మధ్యాహ్నం, ఫోను తీసి ఆ నాలుగు అక్షరాలు కొట్టి వెతికాను. అన్నేళ్ల తర్వాత అదే మొదటిసారి. తాళంచెవి ఎప్పుడో వచ్చి ఉంటే? ఆయన రోజూ అడుగుతుండగానే వచ్చి ఉంటే? గంటసేపు వెతికాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు. అది చూసి నా గుండె తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన అంతకాలం ఎదురుచూసినది రానందుకు సంతోషించిన మనిషిని నేను. మీతో చెప్పుకోవడం తప్ప దీన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు.

దినాలు అయిపోయాక నల్లగొండకు బయలుదేరుతూ చెప్పి వెళ్దామని మగ్గం గదిలోకి వెళ్లాను. పెద్దమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. ఆయన సగంలో ఆపిన చీర మగ్గం మీద ఉంది. ఇన్నేళ్లూ ఆమె నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టింది, చిటికి కట్టింది కానీ బొమ్మ చీర నేత ఎప్పుడూ ఆయనదే. నాడె విసిరి, వంగి, వచ్చిన పోగును వేలితో జరిపి పక్క పోగుతో కలిపి చూసుకుంటోంది. తామరపువ్వు అంచు కొద్దిగా చెదిరింది. కొనగోటితో అటూ ఇటూ లాగి చూసింది. కుదరలేదు. చెదిరిన చోట అరచెయ్యి ఆనించి, తర్వాత పోగును బిగించే పలకను దగ్గరికి లాగి కొట్టి, మళ్లీ నాడె విసిరింది.